అంతరిక్ష ప్లాస్మాలో షాక్ తరంగాలు: వేడి ఎలా పుడుతుంది, కణాలకు అంత వేగం ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేస్తూ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్న పిల్లలు, వాళ్లకు దారి చూపే అధ్యాపకులు ఈ విషయం మీద ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. లెక్కలన్నీ కాలిక్యులేటర్‌తో సరిచూసుకోదగ్గవే. సరిచూసుకుంటూ చదవండి. షాక్ ఇంకా తాకని వైపును ఎగువ అనీ, దాటిపోయిన వైపును దిగువ అనీ పిలుస్తున్నాం.

షాక్ తరంగం అంటే సరిగ్గా ఏమిటి?

ఏ మాధ్యమంలోనైనా అలజడి పాకే వేగానికి ఒక హద్దు ఉంటుంది. గాలిలో అది ధ్వని వేగం. అయస్కాంత క్షేత్రం ఉన్న ప్లాస్మాలో, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువులో, ఆ హద్దును ఫాస్ట్ మాగ్నెటోసోనిక్ తరంగం (వాయు పీడనం, అయస్కాంత పీడనం కలిసి నడిపే తరంగం) నిర్ణయిస్తుంది. ప్రవాహం అంతకంటే జోరుగా వచ్చి అడ్డంకిని చేరితే, ముందు అడ్డం ఉందన్న కబురు ఎగువకు చేరే వీలే లేదు. దాంతో ఒక పలచని పొరలోనే వేగం ఒక్కసారిగా పడిపోయి, సాంద్రత, పీడనం, ఉష్ణోగ్రత పెరుగుతాయి. ఆ పొరే షాక్.

సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కాలువ మీద ఏదైనా రెగ్యులేటర్ గేటును కొద్దిగా ఎత్తినప్పుడు చూడండి. గేటు కింద నీళ్లు పలచగా, జోరుగా దూసుకొస్తాయి. కొన్ని అడుగులు పోగానే ఒక్కసారి మట్టం లేచి, నురగలు కక్కుతూ నెమ్మదిస్తాయి. ఇంజనీర్లు దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. ఒకవైపు ఉన్న ద్రవ్యరాశి ప్రవాహం, ద్రవ్యవేగ ప్రవాహం రెండో వైపు ఉన్నవాటితో సమానం కావాలన్న నియమాలే అక్కడా ఇక్కడా నడుస్తాయి. పోలిక అంతవరకే. నీటిలో అణువులు ఎడతెగకుండా ఢీకొంటుంటాయి, అంతరిక్షంలో ఆ ఢీకొనడమే లేదు. అసలు ఆసక్తికరమైన సంగతంతా అక్కడే ఉంది.

కణాలు ఢీకొనకుండా షాక్ ఎలా ఏర్పడుతుంది?

భూమి దగ్గర సౌరపవనంలో, అంటే సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే ప్లాస్మాలో, ఘన సెంటీమీటరుకు సుమారు 5 ప్రోటాన్లు ఉంటాయి. ఒక ప్రోటాన్ మరో దాన్ని గట్టిగా ఢీకొనాలంటే సగటున భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరం, అంటే 15 కోట్ల కిలోమీటర్ల వరుసలో, ప్రయాణించాలి. కానీ భూమికి సూర్యుడి వైపున, సుమారు 13 నుంచి 15 భూవ్యాసార్ధాల దూరంలో, సౌరపవనం నిజంగానే షాక్ దాటుతోంది. 1963 నవంబరులో ఎగిరిన ఐఎంపీ-1 ఉపగ్రహం ఈ బో షాక్‌ను స్పష్టంగా చూపించింది. దాని మందం వందల కిలోమీటర్ల లోపే. 15 కోట్లు ఎక్కడ, వంద ఎక్కడ!

ఢీకొనడం చేయాల్సిన పనిని ఇక్కడ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు చేస్తాయి. షాక్ పొరలో క్షేత్రం పెరుగుతుంది, దానికి అడ్డంగా విద్యుత్ పొటెన్షియల్ నిలుస్తుంది. వచ్చే అయాన్లలో కొంత భాగం, బలమైన షాక్‌లో ఐదో వంతు దాకా, ఆ గోడను దాటలేక వెనక్కి తిరుగుతుంది. అయస్కాంత క్షేత్రం వాటిని చుట్టు తిప్పి మళ్లీ షాక్ మీదికి తెస్తుంది. ఈసారి వాటికి ఎక్కువ శక్తి ఉంటుంది కనుక దాటిపోతాయి. ఒకే దిశలో పోతున్న ప్రవాహం ఇలా రెండు మూడు గుంపులుగా చీలుతుంది. గుంపుల మధ్య వేగాల తేడా తరంగాలను పుట్టిస్తుంది, ఆ తరంగాలు కణాల వేగాలను చెదరగొడతాయి. ఇక్కడ వేడి అంటే ఈ చెదరడమే.

క్షేత్రం షాక్ పొరకు దాదాపు సమాంతరంగా ఉన్నచోట ఉపగ్రహ దత్తాంశంలో మూడు భాగాలు విడివిడిగా కనబడతాయి: తిరిగొచ్చిన అయాన్ల వల్ల క్షేత్రం కొద్దిగా లేచే పాదం, నిటారుగా పైకెక్కే ర్యాంప్, దిగువ సగటును మించిపోయే ఓవర్‌షూట్. పాదం వెడల్పు అయాన్ చుట్టు వ్యాసార్ధం, అంటే క్షేత్రరేఖ చుట్టూ అది తిరిగే వలయపు వ్యాసార్ధం, వరుసలో ఉంటుంది. మాక్ సంఖ్య, అంటే ప్రవాహ వేగానికీ తరంగ వేగానికీ ఉన్న నిష్పత్తి, ఒక అవధి దాటితే తప్ప ఈ తిరుగుప్రయాణం బలంగా జరగదు. క్షేత్రం షాక్ లంబదిశకు (పొరకు నిటారుగా ఉండే దిశకు) సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండి, ప్లాస్మా చల్లగా ఉంటే ఆ అవధి 2.76. తక్కిన పరిస్థితుల్లో అంతకంటే తక్కువ.

ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది? చేతితో లెక్కకట్టగలమా?

కట్టగలం. ముందు సాంద్రత. క్షేత్రాన్ని పక్కనపెట్టి, ఏకపరమాణుక వాయువు అనుకుంటే, మాక్ సంఖ్య వర్గాన్ని 4తో గుణించి, అదే వర్గానికి 3 కలిపిన మొత్తంతో భాగించండి. మాక్ 2 అయితే సంపీడన నిష్పత్తి 2.3, మాక్ 3కు 3, మాక్ 10కి 3.88. ఎంత బలమైన షాక్ అయినా 4 దాటదు. ఈ 4 కింద మళ్లీ అక్కరకొస్తుంది.

బలమైన షాక్‌లో దిగువ సగటు ఉష్ణశక్తి, అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత, ఒక కణం సగటు ద్రవ్యరాశిని షాక్ వేగం వర్గంతో గుణించి 3/16 వంతు తీసుకుంటే వస్తుంది. పూర్తిగా అయనీకరించిన హైడ్రోజన్‌లో ప్రతి ప్రోటాన్‌కూ ఒక ఎలక్ట్రాన్ తోడుంటుంది కాబట్టి సగటు ద్రవ్యరాశి ప్రోటాన్‌లో సగం. షాక్ వేగం సెకనుకు 1,000 కిలోమీటర్లైతే 1.1 కోట్ల కెల్విన్. సౌరపవనం లాంటి 400 కిలోమీటర్లకు 18 లక్షలు. కొత్త సూపర్‌నోవా శేషంలోని, అంటే నక్షత్రం పేలాక విస్తరిస్తున్న అవశేషంలోని, 5,000 కిలోమీటర్లకు 28 కోట్లు. వేగం షాక్‌తో పోల్చిన వేగమే కావాలి. భూమి మీద నిలబడి కొలిచిన వేగం పెట్టేసి తప్పు జవాబు తెచ్చుకునేవాళ్లు చాలామంది.

ఎలక్ట్రాన్లు, అయాన్లు రెండూ అదే ఉష్ణోగ్రతకు వస్తాయా?

రావు. పై సూత్రం ఇచ్చేది సగటు మాత్రమే. పంపకం ఎలా జరిగిందన్నది వేరే లెక్క. సెకనుకు 400 కిలోమీటర్లతో వచ్చే ప్రోటాన్ దగ్గర సుమారు 840 ఎలక్ట్రాన్ వోల్టుల గతిజశక్తి ఉంటుంది. అదే వేగంతో వచ్చే ఎలక్ట్రాన్ 1836 రెట్లు తేలిక కాబట్టి దాని దగ్గర అర ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. ఎవరి గతిజశక్తి వాళ్లకే వేడిగా మారితే ఎలక్ట్రాన్లు దాదాపు చల్లగానే మిగలాలి. నిజంలో షాక్ పొటెన్షియల్, ప్లాస్మా తరంగాలు అయాన్ల శక్తిలో కొంత ఎలక్ట్రాన్లకు అందిస్తాయి. భూమి బో షాక్ దిగువన ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత సాధారణంగా అయాన్లదాంట్లో ఆరు నుంచి పన్నెండో వంతు. సూపర్‌నోవా శేషాల్లో సెకనుకు 2,000 కిలోమీటర్లు దాటిన షాక్‌ల దగ్గర, హైడ్రోజన్ రేఖల ఆకారం నుంచి లెక్కిస్తే, ఆ వంతు కొన్ని శాతాలకు పడిపోతుంది.

బరువైన అయాన్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అందరూ ఒకే వేగంతో వచ్చారు కాబట్టి ఆక్సిజన్‌కు ప్రోటాన్ కంటే 16 రెట్లు, ఇనుముకు 56 రెట్లు ఉష్ణోగ్రత దక్కే ధోరణి ఉంటుంది. 1987లో పేలిన సూపర్‌నోవా శేషంలో ఎక్స్‌రే రేఖల వెడల్పును కొలిచి, అయాన్ ఉష్ణోగ్రత దాని ద్రవ్యరాశిని బట్టి పెరుగుతోందని 2019లో చూపించారు.

అందుకే ఎక్స్‌రే వర్ణపటం చూసి షాక్ వేగం అంచనా వేసేటప్పుడు జాగ్రత్త. వర్ణపటం చెప్పేది ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత. దాన్నే అందరి ఉష్ణోగ్రతగా తీసుకుంటే వేగం బాగా తక్కువగా వస్తుంది.

మరి కొన్ని కణాలకే లక్షల రెట్లు శక్తి ఎలా వస్తుంది?

ఎన్రికో ఫెర్మి 1949లో ఒక ఆలోచన చెప్పాడు: అటూ ఇటూ కదిలే అయస్కాంత మేఘాలకు తగిలి తిరిగే కణం సగటున శక్తి పుంజుకుంటుంది. ఎదురొచ్చే మేఘం శక్తినిస్తుంది, ముందుపోయే మేఘం లాక్కుంటుంది, మిగిలేది కొంచెమే. ఆ మిగులు మేఘం వేగానికీ కాంతివేగానికీ ఉన్న నిష్పత్తి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి చాలా నెమ్మది. 1977, 78ల్లో క్రిమ్‌స్కీ, ఆక్స్‌ఫర్డ్, లీర్, స్కాడ్రన్, బెల్, బ్లాండ్‌ఫర్డ్, ఆస్ట్రైకర్ వేర్వేరుగా ఒకే సంగతి కనిపెట్టారు. షాక్ దగ్గర ఎగువ నుంచి చూసినా దిగువ నుంచి చూసినా అవతలి ప్లాస్మా ఎప్పుడూ ఎదురొస్తూనే ఉంటుంది. శక్తి పోగొట్టుకునే తాకిడి అంటూ లేదు. దీన్ని డిఫ్యూసివ్ షాక్ త్వరణం అంటారు.

అంకెలు పెట్టి చూద్దాం. షాక్ వేగం సెకనుకు 5,000 కిలోమీటర్లు. సంపీడనం 4 కాబట్టి దిగువ ప్లాస్మా షాక్‌కు దూరంగా 1,250తో పోతుంది. రెండింటి తేడా 3,750. కణం ఒకసారి అటు వెళ్లి ఇటు వస్తే దొరికే శక్తి లాభం, ఆ తేడాను కాంతివేగంతో భాగించి 4/3తో గుణిస్తే వస్తుంది: 1.67 శాతం. ప్రతి చుట్టులోనూ దిగువకు కొట్టుకుపోయి మళ్లీ రాకుండా పోయే అవకాశం, దిగువ వేగాన్ని 4తో గుణించి కాంతివేగంతో భాగిస్తే: అదీ 1.67 శాతమే. లాభ శాతమూ నష్ట శాతమూ సమానం. 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 10¹⁵ దాకా ఎక్కాలంటే సుమారు 830 చుట్లు తిరగాలి. అన్ని చుట్లూ జారిపోకుండా నిలిచేది పది లక్షల్లో ఒక్క కణం. శక్తి పది లక్షల రెట్లు పెరిగితే మిగిలినవి పది లక్షల్లో ఒక వంతు. అంటే ఒక శక్తిని మించిన కణాల సంఖ్య ఆ శక్తికి విలోమానుపాతంలో ఉంటుంది. శక్తివారీగా పంచి చూస్తే ఘాతం మైనస్ 2.

షాక్ వేగాన్ని 10,000కు మార్చి చూడండి, చుట్లు సగానికి తగ్గుతాయి కానీ ఘాతం మారదు. అది సంపీడన నిష్పత్తి మీదే ఆధారపడుతుంది: నిష్పత్తికి 2 కలిపి, నిష్పత్తిలోంచి 1 తీసేసిన అంకెతో భాగించండి. 4కు 2, 3కు 2.5, మాక్ 2 షాక్ ఇచ్చే 2.3కు 3.3. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేగాల షాక్‌ల నుంచి దాదాపు ఒకే ఘాతం ఎందుకొస్తుందో ఇంత సరళంగా చెప్పే సిద్ధాంతాలు ఖగోళ భౌతికంలో తక్కువ.

అన్ని కణాలూ ఇలా ఎందుకు ఎదగవు?

ఈ ఆట ఆడాలంటే కణం చుట్టు వ్యాసార్ధం షాక్ మందం కంటే పెద్దదై ఉండాలి. మామూలు వేడి కణానికి అది చాలదు, దిగువకు కొట్టుకుపోతుంది. మొదటి మెట్టు ఎక్కడాన్నే ఇంజెక్షన్ సమస్య అంటారు. అయాన్లకు షాక్ నుంచి వెనక్కి తిరగడమే ఆ మెట్టు ఎక్కిస్తుంది. క్షేత్రానికీ షాక్ లంబదిశకూ మధ్య కోణం 45 డిగ్రీల కంటే తక్కువుంటే తిరిగిన అయాన్లు క్షేత్రరేఖల వెంట ఎగువకు పారిపోగలవు. పోతూ పోతూ అవే తరంగాలు పుట్టిస్తాయి, వెనక వచ్చేవాటిని ఆ తరంగాలే తిప్పి పంపుతాయి. బో షాక్ ముందున్న ఫోర్‌షాక్ ప్రాంతం ఇదే. కోణం 45 దాటితే రేఖల వెంట పారిపోవడం కష్టం, అయితే షాక్ వెంబడి జారుతూ విద్యుత్ క్షేత్రం నుంచి శక్తి తీసుకునే షాక్ డ్రిఫ్ట్ త్వరణం చురుగ్గా ఉంటుంది.

ఎలక్ట్రాన్‌కు కష్టం ఇంకా ఎక్కువ. అదే ఉష్ణోగ్రతలో దాని చుట్టు వ్యాసార్ధం ప్రోటాన్‌దాంట్లో సుమారు 43వ వంతు. ముందు డ్రిఫ్ట్ ద్వారానో విస్లర్ తరంగాల (ఎలక్ట్రాన్లతో కలిసి నడిచే ఒక రకం ప్లాస్మా తరంగాల) ద్వారానో కొంత శక్తి సంపాదించుకుంటే తప్ప అది ఆటలోకి రాలేదు.

గరిష్ఠ శక్తిని ఏది ఆపుతుంది?

ముఖ్యంగా కాలం. శక్తి పెరిగేకొద్దీ చుట్టు వ్యాసార్ధం పెరుగుతుంది, ఒక్కో చుట్టుకూ ఎక్కువ సమయం పడుతుంది. కణాలు ఎంత త్వరగా చెదిరి విస్తరిస్తాయో చెప్పే వ్యాపన గుణకం ఎగువా దిగువా ఒకటే అనీ, అది వీలైనంత తక్కువగా ఉందనీ అనుకుందాం. అప్పుడు పట్టే కాలం, ఆ గుణకాన్ని 20తో గుణించి షాక్ వేగం వర్గంతో భాగిస్తే వస్తుంది. నక్షత్రాల మధ్య మామూలుగా ఉండే 3 మైక్రోగాస్ క్షేత్రంలో, 5,000 కిలోమీటర్ల షాక్ దగ్గర, 10¹⁴ ఎలక్ట్రాన్ వోల్టులకు చేరడానికి సుమారు 2,800 ఏళ్లు కావాలి. శేషం అంత జోరును కొన్ని వందల ఏళ్లకు మించి నిలుపుకోలేదు. క్షేత్రం 100 మైక్రోగాస్ అయితే అదే పని 85 ఏళ్లలో పూర్తవుతుంది.

లగాజ్, సెజార్స్కీ 1983లోనే ఈ చిక్కును చూపించారు. విశ్వకిరణాల, అంటే అంతరిక్షం నుంచి భూమిని తాకే అధికశక్తి కణాల, వర్ణపటం మోకాలిలా వంగేది 3×10¹⁵ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. అక్కడి దాకా చేరాలంటే క్షేత్రం పెరగక తప్పదు. 2004లో బెల్ చూపిన అస్థిరత్వం ప్రకారం, ఎగువకు పారిపోతున్న కణాల విద్యుత్ ప్రవాహమే చుట్టుపక్కల క్షేత్రాన్ని మెలిపెట్టి బలపరుస్తుంది. చంద్రా ఎక్స్‌రే దూరదర్శిని చూసిన కాసియోపియా-ఎ, టైకో శేషాల అంచుల్లో ఎక్స్‌రే పట్టీలు చాలా సన్నగా ఉన్నాయి. క్షేత్రం వంద మైక్రోగాస్ వరుసలో ఉండి, ఎలక్ట్రాన్లు త్వరత్వరగా శక్తి కోల్పోతున్నాయని చెబితే ఆ సన్నదనానికి లెక్క కుదురుతుంది.

ఇదంతా నిజమని రుజువేది?

ఎలక్ట్రాన్లకు: 1006లో కనబడిన సూపర్‌నోవా శేషం అంచుల నుంచి సింక్రోట్రాన్ ఎక్స్‌రేలు (అయస్కాంత క్షేత్రంలో చుట్టు తిరిగే వేగవంతమైన ఎలక్ట్రాన్లు వెదజల్లేవి) వస్తున్నాయని జపాన్ ఉపగ్రహం ఆస్కా 1995లో తేల్చింది. వాటిని వెదజల్లాలంటే ఎలక్ట్రాన్లకు 10¹³ నుంచి 10¹⁴ ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. ప్రోటాన్లకు: అవి వాయువును ఢీకొంటే తటస్థ పయాన్లు పుడతాయి, పయాన్ విరిగితే వచ్చే గామా వర్ణపటానికి తక్కువ శక్తి వైపు ప్రత్యేకమైన ఒంపు ఉంటుంది. ఫెర్మి ఉపగ్రహం ఐసీ 443, డబ్ల్యూ 44 శేషాల్లో ఆ ఒంపును చూసిందని 2013లో ప్రకటించారు.

శక్తి లెక్క కూడా కుదురుతుంది. ఒక్కో సూపర్‌నోవా 10⁴⁴ జౌళ్ల గతిజశక్తినిస్తుంది. మన గెలాక్సీలో వందేళ్లకు మూడు అనుకుంటే సగటున 10³⁵ వాట్లు. విశ్వకిరణాలను నిలబెట్టడానికి కావలసింది 10³⁴ వరుసలో. షాక్‌కు అందిన శక్తిలో పదో వంతు కణాల చేతికి పోతే సరిపోతుంది. వేడి, త్వరణం రెండు వేరే సంగతులని అనుకోకూడదనడానికి ఇదే కారణం. ఒకే సొమ్ములోంచి రెండు వాటాలు. కణాల వాటా పెరిగితే దిగువ ప్లాస్మా అంతమేర చల్లగా ఉండాలి.

ఆ పంపకాన్ని నేరుగా చూసింది వాయేజర్-2. 2007 ఆగస్టులో, సూర్యుడికి 84 ఖగోళ ప్రమాణాల దూరంలో సౌరపవనం చివరి షాక్‌ను అది దాటినప్పుడు, దిగువ ప్లాస్మా పది లక్షల కెల్విన్‌కు వేడెక్కుతుందని ఎదురుచూశారు. కొలిస్తే లక్ష, రెండు లక్షల మధ్యే ఉంది. మిగతా శక్తిలో అధిక భాగం పికప్ అయాన్లకు, అంటే బయటి నుంచి తటస్థ పరమాణువులుగా వచ్చి అయనీకరించినవాటికి, పోయింది.

మన దగ్గర్లో దీన్ని పరిశీలించే చోటు ఏదైనా ఉందా?

హిందూపురం నుంచి బెంగళూరు రైలెక్కితే దారిలో గౌరీబిదనూరు వస్తుంది. అక్కడ భారత ఖగోళ భౌతిక సంస్థ రేడియో కేంద్రం ఉంది. సుమారు 40 నుంచి 120 మెగాహెర్ట్జ్ మధ్య సూర్యుణ్ని వినే రేడియోహీలియోగ్రాఫ్ అక్కడిదే. కరోనాలో, అంటే సూర్యుడి బయటి వాతావరణంలో, షాక్ పుట్టి ఎలక్ట్రాన్లను వేగవంతం చేస్తే టైప్-2 రేడియో పేలుడు వినిపిస్తుంది. ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రాన్ల సంఖ్య వర్గమూలాన్ని 9 కిలోహెర్ట్జ్‌తో గుణిస్తే దాని పౌనఃపున్యం వస్తుంది. సాంద్రత 10 కోట్లైతే 90 మెగాహెర్ట్జ్, రెండున్నర కోట్లకు 45. షాక్ పైకి పోయేకొద్దీ సాంద్రత తగ్గి, పేలుడు కొన్ని నిమిషాల్లో కిందికి జారుతుంది. జారే తీరును బట్టి షాక్ వేగం తీయవచ్చు. ఒక చిక్కుంది: పేలుడు తరచుగా రెండు పట్టీలుగా వస్తుంది, ఒకటి మూల పౌనఃపున్యం, రెండోది దానికి రెట్టింపు. రెట్టింపును మూలం అనుకుంటే సాంద్రత నాలుగు రెట్లు ఎక్కువొచ్చి, ఎత్తు, వేగం రెండూ తప్పుతాయి.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఎగిరిన ఆదిత్య-ఎల్1, భూమికి సూర్యుడి వైపున 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు నుంచి సౌరపవన కణాలను నేరుగా కొలుస్తోంది. దానిలోని యాస్పెక్స్ పరికరంలో ఒక భాగం స్విస్, 100 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 20 కిలో దాకా; రెండోది స్టెప్స్, అక్కడి నుంచి పైకి. ఈ రెండూ కలిపి చూస్తే వేడెక్కిన కణాలనూ, గుంపు దాటి ఎదిగినవాటినీ ఒకే షాక్‌లో పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఊటీలోని విశ్వకిరణ ప్రయోగం గ్రేప్స్-3 మాత్రం ఈ కథ అవతలి కొసను చూస్తుంది: ప్రోటాన్ల వర్ణపటం 166 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కొద్దిగా చదునవుతోందని 2024లో ప్రకటించింది.

ఉపగ్రహ దత్తాంశంతో మేమే ఒక షాక్‌ను లెక్కించాలంటే?

విండ్, ఏస్ ఉపగ్రహాల దత్తాంశం నాసా వారి సీడీఏవెబ్‌లో ఉచితం. ఆదిత్య దత్తాంశం ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే దొరుకుతుంది. ఫైళ్లు సీడీఎఫ్ రూపంలో ఉంటాయి, పైథాన్‌లో సీడీఎఫ్‌లిబ్ వాటిని చదువుతుంది.

వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత, క్షేత్రం నాలుగూ ఒకే క్షణంలో పైకి లేచిన చోటు వెతకండి. సాంద్రత పెరిగి క్షేత్రం తగ్గితే అది మీకు కావలసిన షాక్ కాదు. షాక్‌కు రెండు నిమిషాల ముందే ఆగిపోయే ఎనిమిది నిమిషాల భాగాన్ని ఎగువ సగటుకు, అలాగే రెండు నిమిషాలు వదిలి తర్వాతి ఎనిమిదిని దిగువ సగటుకు తీసుకోండి. షాక్‌ను ఆనుకుని తీసుకుంటే పాదం, ఓవర్‌షూట్ సగటులో కలిసిపోతాయి.

ఒక మాదిరి లెక్క. షాక్ సూర్యుడి నుంచి నేరుగా వస్తోందని అనుకుందాం. ఎగువ సాంద్రత ఘన సెంటీమీటరుకు 5, వేగం సెకనుకు 400 కిలోమీటర్లు. దిగువ 15, 550. సాంద్రతను వేగంతో గుణిస్తే వచ్చే దిగువ లబ్ధం 8,250 లోంచి ఎగువ లబ్ధం 2,000 తీసి, సాంద్రతల తేడా 10తో భాగిస్తే షాక్ వేగం 625. షాక్ మీద కూర్చుని చూస్తే ఎగువ ప్రవాహం 225, దిగువ 75, నిష్పత్తి సరిగ్గా 3. క్షేత్రం 5 నానోటెస్లా అయితే ఆల్ఫ్‌వెన్ వేగం, అంటే క్షేత్రరేఖల వెంట తరంగం పాకే వేగం, 49 కిలోమీటర్లు, ఆల్ఫ్‌వెన్ మాక్ సంఖ్య 4.6. ఎల్1 నుంచి భూమికి అది చేరడానికి 40 నిమిషాలు.

తప్పులు జరిగే చోట్లు ఇవి. దత్తాంశం లేనిచోట ఫైలులో మైనస్ 10³¹ అని నింపి ఉంటుంది. దాన్ని తీసేయకపోతే సగటు ఎటో పోతుంది. విండ్ ఫైలులో ఉండేది ఉష్ణోగ్రత కాదు, ఉష్ణ వేగం. దాని వర్గాన్ని 60.5తో గుణిస్తే కెల్విన్లు, అంటే 40 కిలోమీటర్లకు సుమారు 97,000. హీలియం అయాన్లను వదిలేయకండి. సంఖ్యలో 4 శాతమే అయినా ద్రవ్యరాశిలో 16 శాతం కలుపుతాయి, వదిలేస్తే ఆల్ఫ్‌వెన్ వేగం 8 శాతం ఎక్కువ వస్తుంది. షాక్ ఏటవాలుగా వస్తే ముందు లంబదిశ కనుక్కోవాలి. ఎగువ, దిగువ క్షేత్రాలు, లంబదిశ ఒకే తలంలో ఉంటాయన్న కోప్లనారిటీ పద్ధతి సులువే, కానీ క్షేత్రం లంబదిశకు దాదాపు సమాంతరంగానో సరిగ్గా అడ్డంగానో ఉంటే అది నమ్మదగిన జవాబు ఇవ్వదు.

లాప్‌టాప్‌లో త్వరణాన్ని అనుకరించే తేలిక దారి?

మోంటే కార్లో, అంటే యాదృచ్ఛిక సంఖ్యలతో నడిపే లెక్క. లక్ష కణాలు తీసుకోండి, అందరికీ శక్తి 1. ప్రతి చుట్టులో 0 నుంచి 1 మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీయండి. అది 0.0167 (పైన వచ్చిన 1.67 శాతం) కంటే తక్కువైతే ఆ కణం పోయినట్టే, దాని శక్తి రాసిపెట్టండి. లేకపోతే శక్తిని 1.0167తో గుణించి మళ్లీ తిప్పండి. అందరూ పోయేదాకా. ఇరవై వరుసల పైథాన్ చాలు.

గ్రాఫ్ గీసేటప్పుడు జాగ్రత్త. డబ్బాలను లాగరిథమ్ కొలతలో వేసి, ఒక్కో డబ్బాలోని సంఖ్యను దాని వెడల్పుతో భాగించాలి. భాగించడం మరిచిపోతే వాలు మైనస్ 2 బదులు మైనస్ 1 వస్తుంది, సిద్ధాంతమే తప్పనుకుని కంగారుపడతారు. శక్తి వెయ్యి రెట్లు దాటాక మిగిలేది వంద కణాలే, లక్ష రెట్ల దగ్గర ఒకటి. అక్కడి గీత ఊగిసలాటను భౌతికశాస్త్రం అనుకోవద్దు. కొస బాగా రావాలంటే శక్తి పది రెట్లైన ప్రతిసారీ ఒక్కో కణాన్ని పదిగా చీల్చి, ఒక్కోదానికి పదో వంతు బరువు ఇవ్వండి.

పార్టికల్-ఇన్-సెల్ సిమ్యులేషన్ ఇక్కడ చేయగలమా?

కణాల కదలికనూ, గడులుగా విభజించిన చోటులో క్షేత్రాలనూ కలిపి లెక్కించే పద్ధతి ఇది. ఒక మితిలో చేయగలం. స్మైలీ, వార్ప్‌ఎక్స్, ఎపోక్ ఉచితంగా దొరికే కోడ్‌లు. ఒక మితీయ షాక్‌కు ఈ కొలతలతో మొదలుపెట్టండి: అయాన్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి నిష్పత్తి 1836 బదులు 100, గడి పొడవు ఎలక్ట్రాన్ స్కిన్ డెప్త్‌లో (కాంతివేగాన్ని ఎలక్ట్రాన్ ప్లాస్మా పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే పొడవులో) పదో వంతు, ఎలక్ట్రాన్ ఉష్ణ వేగం కాంతివేగంలో పదో వంతు, ఎలక్ట్రాన్ ప్లాస్మా పౌనఃపున్యం దాని సైక్లోట్రాన్ పౌనఃపున్యానికి 5 రెట్లు, 20,000 గడులు, గడికి ఒక్కో జాతి 200 కణాలు. మొత్తం 80 లక్షల కణాలు, కొన్ని వందల మెగాబైట్లు, 8 గిగాబైట్ల లాప్‌టాప్‌లో పడుతుంది. ఒక చివర గోడ పెట్టి, ప్రవాహాన్ని దాని మీదికి వదిలితే తిరిగొచ్చే ప్లాస్మాతో షాక్ దానంతటదే పుడుతుంది. అయాన్ సైక్లోట్రాన్ కోణీయ పౌనఃపున్యం విలోమానికి పది రెట్ల కాలానికి, అంటే ఒకటిన్నర చుట్లకు కాస్త ఎక్కువకు, సుమారు 55,000 అడుగులు, ఒక రాత్రి పని.

గడి పొడవు డెబై పొడవును (ప్లాస్మా ఒక ఆవేశాన్ని కప్పేసే దూరాన్ని) బాగా మించితే ప్లాస్మా దానంతటదే వేడెక్కుతుంది. షాక్ వేడిచేసిందా, గడి వేడిచేసిందా తెలియదు. అందుకే గోడ లేకుండా నిశ్చల ప్లాస్మాను అంతే కాలం నడిపి, ఉష్ణోగ్రత నిలకడగా ఉందో లేదో ముందే చూడండి. గడికి 20 కణాలతో సరిపెట్టుకుంటే శబ్దం అసలు తరంగాలను మింగేస్తుంది, అది కణాల సంఖ్య వర్గమూలం ప్రకారమే తగ్గుతుంది. వెయ్యి అడుగులకోసారి స్థితిని డిస్కులో దాచుకునే ఏర్పాటు పెట్టండి, కరెంటు పోయినా మొదటి నుంచి నడపాల్సిన పని ఉండదు. ఏప్రిల్, మే కర్నూలు ఎండల్లో పగలు నడిపితే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రాత్రిపూట నడపండి.

ఈ కొలతల్లో అయాన్లు వెనక్కి తిరగడం, పాదం, ఓవర్‌షూట్ చక్కగా కనబడతాయి. డిఫ్యూసివ్ త్వరణం కనబడదు, దానికి వందల చుట్ల కాలం, ఇంకా ఎక్కువ మితులు కావాలి. అయాన్లు మాత్రమే కణాలుగా, ఎలక్ట్రాన్లు ద్రవంగా తీసుకునే హైబ్రిడ్ పద్ధతి అందుకు నయం. ఎలక్ట్రాన్ల వేడి గురించి మాత్రం అది ఏమీ చెప్పలేదు, దాన్ని మనమే ముందుగా ఊహించి ఇచ్చాం కదా.

ఇలాంటి షాక్ ఉన్న చోటును మన ఆకాశంలో చూపించగలరా?

మే మొదటి వారంలో అర్ధరాత్రి వేళ దక్షిణానికి తిరగండి. కర్నూలులో నేల నుంచి 32 డిగ్రీల ఎత్తున, అనంతపురంలో 33, వృక నక్షత్రరాశిలో 1006 సూపర్‌నోవా శేషం ఉంటుంది. చందమామ అంత వెడల్పు, దూరం సుమారు 7,000 కాంతి సంవత్సరాలు. కంటికి ఏమీ కనబడదు, చిన్న దూరదర్శినికీ దొరకదు. ఎక్స్‌రేల్లో అయితే ఈశాన్యం, నైరుతి అంచులు రెండు చాపాల్లా వెలుగుతాయి. కణాల వేగవృద్ధి జోరుగా సాగుతున్నది ఆ రెండు అంచుల్లోనే.